ఫోర్టిఫైడ్ వైన్ అంటే బలం మందు కాదు: ద్రాక్ష కల్లు, ద్రాక్ష సారా, నెల్లూరు భోజనం

మొన్న సంక్రాంతికి మా మేనల్లుడు సింగపూర్ నుంచి వస్తూ ఎయిర్‌పోర్టులో ఒక సీసా కొనుక్కొచ్చాడు. దాని మీద ‘టానీ పోర్ట్, 10 ఏళ్లు, 20 శాతం’ అని ఉంది. మా అన్నయ్య దాన్ని కిటికీ వెలుతురులో పట్టుకుని చూసి, "ఏందబ్బయా ఇది, వైనా? బ్రాందీనా?" అనడిగాడు. "ఫోర్టిఫైడ్ వైన్, పెద్ద మామా" అన్నాడు వాడు. వంటింట్లోంచి మా వదిన, "ఫోర్టిఫైడ్ అంటే రేషన్ బియ్యంలో కలిపేదేగా? తాగితే రక్తం పడుతుందేమో" అంది.

ఇద్దరి సందేహాలూ న్యాయమైనవే. నెల్లూరు, ఒంగోలు వైపు ఇప్పుడు విదేశాల్లో పిల్లలు లేని వీధి అరుదు. వాళ్లు వచ్చినప్పుడల్లా ఇలాంటి సీసాలు వస్తున్నాయి. దాంతోపాటే "దీన్ని ఏడాది పొడవునా భోజనంతో తీసుకోవచ్చు" అనే మాట కూడా ఫోన్లలో తిరుగుతోంది. అసలు ఇదేమిటో, ఆ మాట మన ఎండకి, మన కారానికి ఎంతవరకు నిలుస్తుందో మొదటి నుంచి చూద్దాం.

బియ్యంలో ఫోర్టిఫైడ్ వేరు, వైన్‌లో ఫోర్టిఫైడ్ వేరు

రేషన్ బియ్యం విషయంలో ఫోర్టిఫైడ్ అంటే పోషకాలు చేర్చినది. ఐరన్, ఫోలిక్ యాసిడ్, విటమిన్ బీ12 ఉన్న గింజలను మామూలు బియ్యంలో నూటికి ఒకటి చొప్పున కలుపుతారు. వాటినే చాలామంది ప్లాస్టిక్ బియ్యమని భయపడి ఏరిపారేశారు.

వైన్ విషయంలో అదే మాటకి పోషకాలతో సంబంధమే లేదు. అక్కడ చేర్చేది ఆల్కహాల్. ద్రాక్ష నుంచే తీసిన ఘాటైన స్పిరిట్‌ను వైన్‌లో పోస్తారు. మామూలు వైన్‌లో 11 నుంచి 14 శాతం ఆల్కహాల్ ఉంటే, ఇలా పోసినదాంట్లో 15 నుంచి 22 శాతం దాకా ఉంటుంది. వైన్‌కి పెరిగే బలం ఇదే. తాగినవాళ్లకు వచ్చే బలం ఏమీ లేదు.

మా వదిన అడిగినదానికి ఇక్కడే గట్టిగా జవాబు చెప్పాలి. గర్భిణులు రెడ్ వైన్ తాగితే బిడ్డ రంగుగా పుడుతుందనీ, బాలింతలకు పోర్ట్ వైన్ పడితే రక్తం పడుతుందనీ మన వైపు చాలా ఇళ్లలో ఇప్పటికీ అనుకుంటారు. రెండూ నిజం కావు. కడుపుతో ఉన్నప్పుడు తాగిన ఆల్కహాల్ మాయను దాటి బిడ్డకు చేరుతుంది, మెదడు ఎదుగుదలను దెబ్బతీయగలదు. పాలిచ్చే తల్లి తాగితే పాలలోకీ వస్తుంది. మంచి మనసుతో ఇచ్చేవాళ్లే ఎక్కువ కాబట్టి ఈ సంగతి ముందే చెప్పాల్సి వచ్చింది.

కల్లు, సారా తెలిస్తే సగం తెలిసినట్టే

మన ఊళ్లలో ఈ సంగతి అర్థం చేసుకోవడానికి విదేశీ మాటలు అక్కర్లేదు. తాటిచెట్టు నుంచి దించిన నీరా కాసేపటికే పులిసి కల్లవుతుంది. గాలిలోనూ కుండలోనూ ఉన్న ఈస్ట్ అందులోని చక్కెరను తిని ఆల్కహాల్‌గా మారుస్తుంది. ఇది పులిసిన పానీయం. వైన్ కూడా ఇదే కోవలోది, ద్రాక్షరసంతో అయిన కల్లు.

బెల్లం ఊటను పులియబెట్టి, కాచి, ఆవిరిని చల్లార్చి పట్టుకుంటే సారా. ఇది కాచి దించిన పానీయం. వైన్‌ని ఇలా కాచి దించితే వచ్చేది ద్రాక్ష సారా, అంటే బ్రాందీ జాతి.

ద్రాక్ష కల్లులో ద్రాక్ష సారా పోస్తే ఫోర్టిఫైడ్ వైన్. మా అన్నయ్య "వైనా? బ్రాందీనా?" అన్నది తెలియక అడిగిన మాటే అయినా, ఆ సీసాలో నిజంగా రెండూ ఉన్నాయి.

ఎందుకు పోయాల్సి వచ్చింది? మొదట్లో నిల్వ కోసం, ప్రయాణం కోసం. కల్లు సాయంత్రానికే పుల్లబడటం మనకు తెలుసు. పీపాల్లో వారాల తరబడి ఓడ మీద వెళ్లే వైన్‌కీ అదే బాధ. ఆల్కహాల్ 18 శాతం దాటితే చెడగొట్టే సూక్ష్మజీవులు చాలావరకు బతకలేవు. 1703లో ఇంగ్లండు, పోర్చుగల్ మధ్య మెథుయెన్ ఒప్పందం కుదిరి, ఫ్రెంచి వైన్ కన్నా పోర్చుగల్ వైన్ మీద సుంకం మూడో వంతు తగ్గింది. దాంతో పోర్చుగల్‌లోని డోరో లోయ వైన్‌కి ఇంగ్లండులో గిరాకీ పెరిగింది. కల్తీలు కూడా పెరగడంతో 1756లో పోర్చుగల్ ప్రభుత్వం ఏ పొలాల ద్రాక్షతో చేసినది పోర్ట్ అనిపించుకోవాలో హద్దులు గీసింది.

సారా ఎప్పుడు పోశారన్నదే అసలు తేడా

పోర్ట్, షెర్రీ, మదీరా, మార్సలా, వెర్మూత్ అని పేర్లు చాలా ఉన్నాయి. వాటి మధ్య తేడా తెలుసుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు: స్పిరిట్ ఎప్పుడు పోశారు? పులుస్తుండగానా, పులిశాకనా?

పోర్ట్‌కి మధ్యలోనే పోస్తారు. లెక్క వేసి చూస్తే ఇది బాగా తెలుస్తుంది. లీటరు ద్రాక్షరసంలో 230 గ్రాముల చక్కెర ఉందనుకుందాం. ఒక్క శాతం ఆల్కహాల్ పుట్టడానికి లీటరుకు సుమారు 17 గ్రాముల చక్కెర ఖర్చవుతుంది. 6 శాతం దాకా పులిసేసరికి 102 గ్రాములు అయిపోయి, 128 గ్రాములు మిగులుతాయి. ఆ దశలో 440 లీటర్ల పులుస్తున్న రసంలో 77 శాతం ఘాటున్న స్పిరిట్ 110 లీటర్లు పోస్తారు. ఈస్ట్ చచ్చిపోతుంది, పులియడం ఆగిపోతుంది. మొత్తం 550 లీటర్లు. అందులో ఆల్కహాల్ 20 శాతం, చక్కెర లీటరుకు 102 గ్రాములు. పోర్ట్ తియ్యగా ఉండటానికి కారణం ఎవరో పంచదార వేయడం కాదు, ఈస్ట్ తినకుండా మిగిలిపోయిన ద్రాక్ష చక్కెర.

షెర్రీకి పూర్తిగా పులిశాక పోస్తారు. అప్పటికి చక్కెర అంతా అయిపోయి ఉంటుంది కాబట్టి వైన్ తీపి లేకుండా ఉంటుంది. ఇది స్పెయిన్ దక్షిణాన ఉన్న హెరెస్ పట్నం వైన్. ఆ ఊరి పేరే ఇంగ్లీషువాళ్ల నోట షెర్రీ అయింది. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. ఆల్కహాల్‌ను 15 శాతం దగ్గర ఆపితే పీపాలో వైన్ పైన తెల్లటి ఈస్ట్ పొర ఒకటి మీగడలా కడుతుంది. దాన్ని ఫ్లోర్ అంటారు. అది గాలి తగలకుండా కాపాడుతుంది. అలా తయారయ్యేది ఫీనో: లేత రంగు, ఉప్పుగాలి లాంటి వాసన. ఆల్కహాల్‌ను 17 శాతం దాటిస్తే ఆ పొర బతకదు. వైన్‌కి ఏళ్ల తరబడి గాలి తగిలి గోధుమ రంగుకి మారి వేయించిన పప్పుల వాసన తెచ్చుకుంటుంది. అది ఒలొరోసో. రెండు శాతం ఆల్కహాల్ తేడాతో రెండు వేరే పానీయాలు.

తియ్యటి షెర్రీలూ ఉన్నాయి. పెడ్రో హిమెనెస్ అనే ద్రాక్షను ఎండలో ఆరబెట్టి, కిస్‌మిస్‌లా అయ్యాక పిండిన రసంతో చేస్తారు. లీటరుకు 400 గ్రాముల దాకా చక్కెర ఉండి బెల్లం పాకంలా జారుతుంది.

పోర్ట్‌లోనూ రెండు దారులు. ఎక్కువ గాలి తగలకుండా త్వరగా సీసాకెక్కించినది రూబీ: ఎర్రగా, పండ్ల వాసనతో ఉంటుంది. చిన్న పీపాల్లో ఏళ్ల తరబడి మగ్గించినది టానీ: రంగు వెలిసి, వాల్‌నట్, మాడిన పంచదార వాసనలు వస్తాయి. మా మేనల్లుడు తెచ్చింది ఈ రెండోది. మార్సలా సిసిలీ ద్వీపానిది. వెర్మూత్‌లో స్పిరిట్‌తో పాటు మూలికలు, బెరళ్లు కూడా వేస్తారు.

రోహిణి కార్తె దాటొచ్చిన వైన్

నాకు ఈ మొత్తం కథలో బాగా నచ్చింది మదీరా. అట్లాంటిక్ సముద్రంలో పోర్చుగల్‌కి చెందిన ద్వీపం అది. అమెరికా వైపు, ఇండియా వైపు వెళ్లే ఓడలు అక్కడ ఆగి పీపాలు ఎక్కించుకునేవి. భూమధ్యరేఖ దగ్గర ఓడ అడుగున ఆ పీపాలు నెలల తరబడి ఉడికిపోయేవి. అమ్ముడుపోక తిరిగొచ్చిన పీపాలు తెరిచి చూస్తే వైన్ పాడవలేదు సరికదా, ముందుకన్నా రుచిగా ఉంది. కొన్నాళ్లు వైన్‌ని కావాలనే అలా తిప్పి తెచ్చేవాళ్లు.

ఇప్పుడు ఓడలు అక్కర్లేదు. చవక రకాలను ట్యాంకుల్లో 45 నుంచి 50 డిగ్రీల వేడిలో కనీసం మూడు నెలలు ఉంచుతారు. మేలురకాలను వేడిగా ఉండే అటక మీద పీపాల్లో ఏళ్ల పాటు వదిలేస్తారు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటాం కదా, ఆ ఎండను పుట్టుకలోనే చూసొచ్చిన వైన్ ఇది. ఈస్టిండియా కంపెనీ కాలంలో మద్రాసు దొరల బల్లల మీద మదీరా అంతగా కనిపించడానికి ఇది పెద్ద కారణం. మిగతా వైన్లు ఈ తీరం వేడికి తట్టుకోలేకపోయేవి.

సెర్సియల్, వెర్డేలో, బోల్, మామ్‌సీ అని మదీరాలో ముఖ్యమైనవి నాలుగు రకాలు. మొదటిది దాదాపు తీపి లేనిది, చివరిది బాగా తియ్యనిది. నాలుగింట్లోనూ పులుపు మాత్రం నిలబడి ఉంటుంది. పులుపు నిలబడటం మన భోజనానికి ముఖ్యం, కాసేపట్లో దాని దగ్గరికి వస్తాను.

సీసా మీద ‘పోర్ట్ వైన్’ అని ఉన్నంత మాత్రాన

మన దగ్గర వైన్ అన్న మాటే చిక్కుపడిపోయింది. వైన్ షాపు అంటాం, లోపల అమ్మేది ఎక్కువగా విస్కీ, బ్రాందీ, బీరు. ‘వైన్స్ దగ్గర ఉన్నాడు’ అంటే ద్రాక్ష సంగతి ఎవరికీ గుర్తుకురాదు.

పోర్ట్ వైన్ అనే మాట గోవా మీదుగా మనకు అలవాటైంది. గోవా 1961 దాకా పోర్చుగీసు పాలనలో ఉంది. అక్కడ ఆ పేరుతో చవగ్గా దొరికే తియ్యటి ఎర్ర వైన్‌కీ, డోరో లోయలో పైన చెప్పిన లెక్కతో తయారయ్యే పోర్ట్‌కీ పేరులోనే పోలిక. యూరప్‌లో డోరో ద్రాక్షతో చేయనిదాన్ని పోర్ట్ అని అమ్మడానికి వీల్లేదు. లేబుల్ మీద పోర్చుగల్ పేరు, ఆల్కహాల్ 19 నుంచి 22 శాతం మధ్య అంకె కనిపిస్తే అది అసలుది కావడానికి అవకాశం ఎక్కువ.

ఇంకో తికమక ద్రాక్షాసవం. ఆయుర్వేద షాపులో దొరికే ఆసవాల్లో, అరిష్టాల్లో ఆల్కహాల్ ఉంటుంది. అది పులియడం వల్ల దానంతటదే పుట్టినది. బయటి నుంచి సారా పోయలేదు కాబట్టి అది ఫోర్టిఫైడ్ వైన్ కాదు. మందుగా మోతాదు లెక్కన ఇచ్చేదాన్ని, భోజనం బల్ల మీద పెట్టేదాన్ని ఒకే గాటన కట్టకూడదు.

ధర సంగతి చిన్నగా చెప్పేస్తాను. దిగుమతి వైన్ మీద మన దేశంలో చాలాకాలంగా 150 శాతం సుంకం ఉంది. వెయ్యి రూపాయల విలువతో రేవులో దిగిన సీసా సుంకంతోనే 2,500 అవుతుంది. ఆ పైన రాష్ట్ర పన్నులు, దుకాణం లాభం. 2022 డిసెంబరు 29న అమల్లోకి వచ్చిన ఒప్పందంతో ఆస్ట్రేలియా వైన్లకు ధరను బట్టి సుంకం విడతలుగా తగ్గుతోంది. విదేశాల నుంచి వచ్చే ప్రయాణికులు సుంకం లేకుండా రెండు లీటర్ల దాకా తెచ్చుకోవచ్చు. మన ఇళ్లకు ఈ సీసాలు షాపుల నుంచి కాకుండా సూట్‌కేసుల్లో రావడానికి కారణం అదే. ఆంధ్రప్రదేశ్‌లో 21 ఏళ్లు నిండనివాళ్లకు ఏ మద్యమూ అమ్మకూడదు, ఇది కూడా అందులో భాగమే.

చేపల పులుసు పక్కన పెడితే ఏమవుతుంది

ఇక అసలు విషయం. వైన్‌ను తిండితో జతకలిపే పద్ధతి యూరప్ భోజనాన్ని బట్టి పుట్టింది. అక్కడ సూప్, చేప, మాంసం, తీపి ఒకటి తర్వాత ఒకటి వస్తాయి. ఒక్కోదానికీ ఒక్కో గ్లాసు. మన విస్తట్లో అన్నీ ఒకేసారి ఉంటాయి. పప్పు, వేపుడు, పులుసు, పచ్చడి, చివర పెరుగు. ముద్ద ముద్దకీ రుచి మారుతుంది. ఏ గ్లాసు ఏ ముద్దకి జత? ఈ చిక్కు గురించి జతల పట్టికలు ఏమీ చెప్పవు.

కారంతో ఇంకో చిక్కు. మన నోట్లో వేడిని పసిగట్టే ఒక గ్రాహకం ఉంది, దాని పేరు టీఆర్‌పీవీ1. మామూలుగా అది 42, 43 డిగ్రీల వేడికి మేల్కొంటుంది. మిరపలోని క్యాప్సైసిన్ దాన్ని వేడి లేకుండానే మేల్కొలుపుతుంది, అందుకే కారం ‘మండుతుంది’. ఈ గ్రాహకాన్ని గుర్తించినందుకే డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతిలో వాటా వచ్చింది. ఆల్కహాల్ ఇంకో పని చేస్తుంది: ఆ గ్రాహకం మేల్కొనే హద్దును సుమారు 34 డిగ్రీలకు దించేస్తుంది. మన ఒంటి వేడే 37. అంటే కారం కూర తిన్న నోట్లో 20 శాతం ఆల్కహాల్ పోస్తే మంట మీద మంట. ఆంధ్రా భోజనానికి వైన్ పనికిరాదనేవాళ్ల వాదనకు ఈ శాస్త్రం బలంగా నిలుస్తుంది.

తియ్యటి వైన్ కారాన్ని అణుస్తుంది అనేవాళ్ల మాటలోనూ నిజముంది. చక్కెర మంటను కొంత కప్పుతుంది, చల్లదనం ఇంకొంత. అయితే పోర్ట్‌లో ఆ రెండు శక్తులూ ఒకదానికొకటి ఎదురు లాగుతాయి. చక్కెర తగ్గిస్తుంది, ఆల్కహాల్ పెంచుతుంది. కారం తక్కువైతే చక్కెర గెలుస్తుంది, ఎక్కువైతే ఆల్కహాలే గెలుస్తుంది.

నెల్లూరు చేపల పులుసు తీసుకోండి. చింతపండు పులుపు, మామిడికాయ పులుపు, మెంతి చేదు, మంచి కారం, మర్నాటికి ఇంకా ఊరిన రుచి. పులుపు లేని వైన్ దాని పక్కన చప్పగా, నీళ్లలా తోస్తుంది. రూబీ పోర్ట్ అయితే పానకంలా అనిపిస్తుంది. పులుపున్న సెర్సియల్ మదీరా ఒక్కటే కాస్త నిలబడగలదని వాదించవచ్చు, పులుపుకి పులుపు అనే సూత్రంతో. నేను మాత్రం కొరమీను పులుసుకి, వేడన్నానికి మధ్య ఏ గ్లాసూ పెట్టను. ఆ రుచికి తోడు అవసరం లేదు.

భోజనానికి రెండు చివర్లు వేరు. నిజానికి యూరప్‌లో కూడా ఫోర్టిఫైడ్ వైన్‌కి ఎక్కువగా చోటు దొరికింది అక్కడే, తినబోయే ముందు ఒక చిన్న గ్లాసు, తిన్నాక ఒక చిన్న గ్లాసు. మన విస్తరిలోనూ ఆ రెండు చోట్లే ఖాళీగా ఉన్నాయి.

ముందు చివర. హెరెస్ వైపు సముద్రతీరంలో చిన్న చేపలను పిండిలో దొర్లించి వేయించి, చల్లటి ఫీనోతో తింటారు. మైపాడులోనో కొత్తపట్నంలోనో పట్టిన నెత్తళ్లను ఉప్పు, పసుపు, కొంచెం కారం పెట్టి కరకరలాడేట్టు వేయిస్తే దాదాపు అదే పళ్లెం. ఫీనోకి తీపి లేదు, ఆల్కహాల్ 15 శాతమే. నూనె జిడ్డును కడిగేస్తుంది, ఉప్పుతో కలుస్తుంది. అదే నెత్తళ్లకు మసాలా దట్టించి ఎర్రగా వేయిస్తే ఈ పొత్తు చెడిపోతుంది. వేయించిన జీడిపప్పు, చేగోడీలు, పప్పు చెక్కలు అయితే కొంచెం రంగెక్కిన అమాంటిల్యాడో షెర్రీతో సరిపోతాయి. రెండింట్లోనూ వేయించిన పప్పుల వాసనే ఉంది.

వెనుక చివర. తీపితో వైన్ పెట్టేటప్పుడు అందరూ ఒప్పుకునే సూత్రం ఒకటుంది: వైన్ ఆ మిఠాయి అంత తియ్యగా అయినా ఉండాలి, లేకపోతే వైన్ పుల్లగా మారిపోయినట్టు తోస్తుంది. ఒంగోలు నేతి మైసూర్‌పాక్ సంగతి చూడండి. శనగపిండి నేతిలో వేగి, పాకం ముదిరి, ఒక మాడీ మాడని కమ్మదనం వస్తుంది. టానీ పోర్ట్‌లో పీపా ఇచ్చిన వాసన కూడా ఆ జాతిదే. పైగా నెయ్యి నాలుకకు పూత పూస్తే ఆల్కహాల్ ఆ పూతను తీసేస్తుంది, తర్వాతి ముక్క మళ్లీ మొదటి ముక్కలా ఉంటుంది. నెల్లూరు మలై కాజాకి టానీ తీపి చాలదు, అక్కడ మామ్‌సీ మదీరా మేలు. సంక్రాంతి అరిసెల్లోని బెల్లం, నువ్వుల పక్కన పెడ్రో హిమెనెస్ రెండు చెంచాలు చాలు.

వంటలో వాడే సంగతి కూడా తెలుసుకోవాలి. షెర్రీ, మార్సలా కొన్ని కూరల్లో పోస్తారు. ఉడికిస్తే ఆల్కహాల్ అంతా ఆవిరైపోతుందని చాలామంది నమ్మకం. అమెరికా వ్యవసాయ శాఖ లెక్కల ప్రకారం అరగంట ఉడికాక కూడా మూడో వంతుకు పైగా మిగులుతుంది, రెండున్నర గంటలు ఉడికినా 5 శాతం ఉంటుంది. తాగనివాళ్లు, ఉపవాసాలవాళ్లు, పిల్లలు తినే కూర అయితే పోసినట్టు ముందే చెప్పడం మర్యాద.

‘ఏడాది పొడవునా’ అంటే మన దగ్గర ఎన్ని నెలలు

చల్లటి దేశాల్లో పోర్ట్‌ని చలికాలం పానీయంగా, క్రిస్మస్ పానీయంగా చూసేవాళ్లు. దాన్ని మార్చడానికే ‘ఏడాది పొడవునా’ అనే మాట పుట్టింది. వేసవిలో తెల్ల పోర్ట్‌లో రెండింతలు టానిక్ నీళ్లు (కొంచెం చేదుగా ఉండే సోడా), ఐసు, నిమ్మచెక్క వేసి పోర్చుగల్‌లో తాగుతారు. టానీని ఫ్రిజ్‌లో చల్లబరిచి ఇస్తారు.

మనకు వాళ్ల లాంటి చలికాలమే లేదు. నెల్లూరులో ఏడాదిని విడగొట్టేది ఎండ, ఈశాన్య రుతుపవనాల వాన. మే నెలలో ఒంట్లో నీరు చెమటై పోతుంటే, ఆల్కహాల్ ఇంకా మూత్రం రూపంలో నీటిని బయటికి లాగుతుంది. ఎండ నుంచి ఇంటికొచ్చిన మనిషికి పొదలకూరు నిమ్మకాయ పిండిన మజ్జిగ చేసే మేలు ఏ తెల్ల పోర్టూ చేయదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురు పట్టినప్పుడు, తుపాను గాలికి కరెంటు పోయినప్పుడు టానీకి కొంచెం అర్థం ఉంది. తీరా ఆ నెలల్లోనే కార్తీకం వస్తుంది. చాలా ఇళ్లలో నీసు కూడా ముట్టరు. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లకు 41 రోజులు మద్యం మాటే లేదు. క్రైస్తవ కుటుంబాల్లో ఈస్టర్ ముందు శ్రమదినాలు పాటిస్తారు. బారాషహీద్ దర్గా రొట్టెల పండుగకు ఏ మతంవాళ్లైనా నిష్ఠగా వెళ్తారు. ముస్లిం ఇళ్లలో ఏ నెలలోనూ మద్యానికి చోటు లేదు. ఇక ఏ మతమైనా అసలే తాగని ఇళ్లు లెక్కలేనన్ని.

కాబట్టి ‘ఏడాది పొడవునా’ అన్నది ఇక్కడ తాగే ఇళ్లలో కూడా కొన్ని సాయంత్రాల సంగతే అవుతుంది. అది లోటని నేననుకోను.

చిన్న గ్లాసుకి పెద్ద లెక్క

వైన్ అనే పేరు చూసి మామూలు వైన్ గ్లాసు నిండా పోసుకోవడం అన్నింటికన్నా పెద్ద పొరపాటు. పోర్ట్‌ని 75 మిల్లీలీటర్లు పోసుకుంటే, 20 శాతం లెక్కన అందులో 15 మిల్లీలీటర్ల ఆల్కహాల్, అంటే సుమారు 12 గ్రాములు. 42.8 శాతం ఉండే విస్కీ 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గులో సుమారు 10 గ్రాములు. అంటే ఆ చిన్న గ్లాసే ఒక పెగ్గు దాటింది. 150 మిల్లీలీటర్లు పోసుకుంటే 24 గ్రాములు, రెండు పెగ్గులకు పైనే. తియ్యగా ఉండటం వల్ల ఘాటు తెలియదు, చెయ్యి ఆగదు.

షుగరు ఉన్నవాళ్లకు ఇంకో లెక్క. 75 మిల్లీలీటర్ల పోర్ట్‌లో ఏడున్నర గ్రాముల చక్కెర, సుమారు చెంచాన్నర. పెడ్రో హిమెనెస్ 50 మిల్లీలీటర్లలో 20 గ్రాములు. దాని పక్కన మైసూర్‌పాక్ కూడా ఉంది. షుగరు మందుల్లో కొన్ని ఆల్కహాల్‌తో కలిస్తే చక్కెర ఒక్కసారిగా పడిపోయే ప్రమాదమూ ఉంది.

మితంగా తాగితే గుండెకు మంచిదని ఒకప్పుడు చాలా రాశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ఏ మోతాదైనా పూర్తిగా సురక్షితం కాదని స్పష్టంగా చెప్పింది. క్యాన్సర్ తెస్తాయని రుజువైనవాటి జాబితాలో మద్యం 1988 నుంచే ఉంది. వైన్ అయినా, ఫోర్టిఫైడ్ అయినా, అందులోని ఆల్కహాల్ అదే.

దూబగుంట ఉన్న జిల్లాలో ఈ మాట

నెల్లూరు జిల్లాలో మద్యం గురించి రాస్తూ దూబగుంటను దాటవేయడం నాకు చేతకాదు. కలిగిరి మండలంలోని ఆ ఊళ్లో 1992లో, చదువు నేర్చుకుంటున్న ఆడవాళ్లు దూబగుంట రోశమ్మతో కలిసి సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం జిల్లా అంతా పాకింది. 1993 ఏప్రిల్‌లో జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతా సారాను నిషేధించారు. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో సడలిపోయింది.

ఆ చరిత్ర తెలిసినవాళ్లు అనేది ఇది: తాగుడు వల్ల కూలిడబ్బు, సంసారం, ప్రాణం పోగొట్టుకున్న ఇళ్లున్న చోట మద్యాన్ని రుచిగా, మర్యాదగా చూపించడమే తప్పు. మొదట ఖరీదైన గ్లాసుతో వచ్చిన అలవాటు తర్వాత ఏ గ్లాసైనా అడుగుతుంది. ఎదుటివాళ్ల వాదన వేరు: ఎలాగూ తాగే మనిషి విస్కీని గుటకలేసే బదులు తిండితో, కుటుంబం మధ్య, ఒక చిన్న గ్లాసుతో ఆగితే నష్టం తగ్గుతుంది, యూరప్ దక్షిణాన తరతరాలుగా జరుగుతున్నది అదే.

రెండో వాదనలో సత్యం ఉంది, అయితే అది ఆగగలిగినవాళ్లకే వర్తిస్తుంది. ఆగలేని మనిషి ఉన్న ఇంట్లో 20 శాతం తియ్యటి సీసా మిగతావాటికన్నా ప్రమాదం, ఎందుకంటే అది మద్యంలా కనిపించదు. మొదటి వాదన చెప్పేవాళ్లు తమ కళ్లతో చూసింది చెబుతున్నారు. నేను వాళ్లతో వాదించను. ఎవరింట్లో ఏ సీసా తెరవాలో తేల్చేముందు ఆ ఇంటి ఆడవాళ్లను అడగాలన్నది మాత్రం దూబగుంట నుంచి నేను తీసుకున్న మాట.

తెరిచిన సీసా ఎన్నాళ్లు

మూత తీశాక ఏది ఎన్నాళ్లు ఉంటుందన్నది కూడా తయారీలోనే ఉంది. గాలి తగలకుండా పెరిగిన ఫీనో గాలికి ఓర్వదు. ఫ్రిజ్‌లో పెట్టి వారంలో అవగొట్టాలి. రూబీ మూడు వారాలు ఆగుతుంది. పీపాలోనే గాలికి అలవాటుపడిన టానీ ఫ్రిజ్‌లో ఒకటి రెండు నెలలు నిలుస్తుంది. వేడినీ గాలినీ రెండూ చూసేసిన మదీరా నెలల తరబడి చెక్కుచెదరదు. మన ఊళ్లో మే నెల ఇంటి వేడికి, కరెంటు కోతలకు భయపడనిది అదొక్కటే. తెరిచిన కార్క్ సీసాలను నిలబెట్టే ఉంచాలి, పడుకోబెడితే ఆ ఘాటు కార్క్‌ను తినేస్తుంది.

మా ఇంట్లో ఆ టానీని కనుమ నాటి రాత్రి, భోజనాలయ్యాక, తెరిచాం. మా వదిన వద్దంది, మైసూర్‌పాక్ మాత్రం తీసుకుంది. మా అన్నయ్య ఒక చిన్న గ్లాసు తాగి "వైనూ కాదు, బ్రాందీ కాదు, రెండూనబ్బయా" అన్నాడు. సగం సీసా ఫ్రిజ్ తలుపులో పచ్చళ్ల పక్కన ఉంది. శివరాత్రి నాటికి అయిపోవాలి.